అన్నీ తిల్లైనాయగం గారే

మా డైరెక్టరు తిల్లైనాయగం గారికి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా పేరు పిచ్చి. నటీనటుల పేర్లు తప్పించి, ఆయన సినిమా టైటిల్స్‌లో ఇంకొకరి పేరు పడేది కాదు. కథ తిల్లైనాయగం, మాటలు తిల్లైనాయగం, కెమెరా తిల్లైనాయగం, దుస్తులు తిల్లైనాయగం. ఒక సినిమాకి గుర్రాల సరఫరా కూడా తిల్లైనాయగమే. ఆ సినిమాలో గుర్రం లేదు.

ఆయనది తంజావూరు దగ్గర పల్లె. మద్రాసులో తీసిన మొదటి తమిళ సినిమా వంద రోజులాడింది. తర్వాతవన్నీ వరసగా పోయాయి. అక్కడ పిలిచేవాళ్లు లేక, గోదావరి మీద మోజు కూడా తోడై, మావైపు వచ్చి తెలుగులో తీయడం మొదలుపెట్టారు. నాది పాలకొల్లు. తొంభై నాలుగులో ఆయన దగ్గర చేరాను. నాలుగేళ్లపాటు ఆయన సినిమాల్లో తెలుగు మాటలన్నీ నేనే రాశాను. ఆయనకు తెలుగులో సంతకం కూడా రాదు.

పట్టిసీమ రేవులో షూటింగు. హీరోయిన్ పడవెక్కుతూ చెప్పాల్సిన మాట ఆయనకు నచ్చలేదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఏడుసార్లు తిరగరాశాను. ఎనిమిదోది విని ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఇదే అదననుకున్నాను.

"సార్, ఈసారైనా మాటలు అని నా పేరు వేయించండి. మా అమ్మ హాల్లో చూసుకుంటుందండి."

"ఎన్నయ్యా చంద్రరావూ, పేరు దేనికి? నేను ఉన్నాను కదా!"

"మీరున్నారండి. నేనే లేను."

"అదే మంచిది. పో, ఎండ పోతా ఉంది."

అడగడం నా బుద్ధి తక్కువ. అయినా లోపల ఆశ చావలేదు. సినిమా విడుదలైన రోజు మా అమ్మ రత్నమాణిక్యం వీధిలో సగం మందిని వెంటేసుకుని పాలకొల్లులో మొదటి ఆటకు వచ్చింది. టైటిల్స్ ఒక్కొక్కటీ పైకి చదవడం మొదలుపెట్టింది.

"మాటలూ ఆయనే అంట. ఆయనకి తెలుగు రాయడం రాదన్నావు కదరా?"

"రాదమ్మా."

"మరి నువ్వక్కడ ఏం చేస్తున్నట్టు?"

పక్కనున్న మా మేనత్త శ్యామలాంబ అందుకుంది. "ఇంకేం చేస్తాడు వదినా, టీలు అందిస్తుంటాడు."

ఇంతలో తెర మీద ‘టీ, టిఫిన్లు: తిల్లైనాయగం’ అని పడింది.

"అదీ ఆయనేనంట వదినా," అంది అత్తయ్య. హాలంతా నవ్వింది. అమ్మ టైటిల్స్ చదవడం మానేసింది.

సినిమా వారం తిరక్కుండానే ఎత్తేశారు. నిజం చెప్పాలంటే సంతోషించాను. నా నాలుగేళ్లు మింగిన మనిషికి తగిన శాస్తి అనుకున్నాను. చెప్పాపెట్టకుండా మానేసి హైదరాబాదు చేరాను.

అక్కడ బంగార్రాజు గారని శకునాల పట్టింపున్న నిర్మాత. "తిల్లైనాయగం దగ్గర చేశావంటగా? ఏ సినిమాలోనూ నీ పేరు పళ్లేదు కదా?" అని రెండుసార్లు అడిగారు. లేదన్నాను. "అయితే రా. పడినోళ్లని నేను గుమ్మం తొక్కనివ్వను," అన్నారు. నా అదృష్టం అనుకున్నాను.

రెండేళ్లకి కాకినాడలో ఒక పెళ్లికి వెళితే, వీడియో తీస్తూ పల్లంరాజు గారు కనిపించారు. నేను చేరకముందు తిల్లైనాయగం గారి మొదటి తెలుగు సినిమాకి ఆయనే కెమెరామన్. నా కడుపుమంట కాస్తా వెళ్లగక్కాను.

"మీ కెమెరా కూడా తన పేరు మీదే వేసుకున్నాడాండి ఆయన?"

"లేదండి, దానికి అందరి పేర్లూ వేశారు. అదే నా కొంప ముంచింది. సినిమా పోయింది, నన్ను ఐరన్ లెగ్ అన్నారు. మద్రాసంతా తిరిగినా ఒక్కళ్లు పిలవలేదు. తిల్లైనాయగం గారు మా ఇంటికొచ్చి, మా ఆవిడ ముందు తలొంచుకుని కూర్చున్నారండి. ఇక నా సినిమా పోతే నేనొక్కణ్ణే పోతాను అన్నారు. ఆ పేరు పిచ్చి అప్పట్నుంచేనండి."

"మరి సినిమా ఆడితేనో?"

"యాభయ్యో రోజున వేద్దామని అందరి పేర్లతో వేరే టైటిల్స్ నా చేతే గుట్టుగా తీయించి ఉంచేవారు. మీ పేరు నేను చూశానండి, పెద్దక్షరాలు. ఏం లాభం, ఏదీ రెండో వారం చూడలేదు."

ఆయన్ని నాలుగేళ్లు చూసి కూడా నేను తెలుసుకున్నది ఏమీ లేదు.

రెండువేల మూడులో నేనూ డైరెక్టరునయ్యాను. మొదటి సినిమా విడుదలకు ముందు మద్రాసు వెళ్లి, పని లేక ఇంట్లో కూర్చున్న తిల్లైనాయగం గారిని పిలిచి చూపించాను. లైట్లు వెలిగాక ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"చంద్రరావూ, టైటిల్స్ ఇంకా మార్చొచ్చు కదా?"

"మార్చొచ్చండి."

"దర్శకత్వం అని నా పేరు వేసెయ్."

నా సినిమా ఎలా వచ్చిందో అప్పుడు తెలిసింది. ఒళ్లు మండింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. ఆయన పేరు వెయ్యలేదు. ఆ సాయంత్రమే టైటిల్స్ తిరిగి రాయించాను. కథ చంద్రరావు, మాటలు చంద్రరావు, కెమెరా చంద్రరావు, దర్శకత్వం చంద్రరావు. సినిమా నాలుగు రోజులాడింది. మా కెమెరామన్ బుల్లిరాజు ఇప్పటికీ నాతో మాట్లాడడు. అతనికి చేతినిండా పని ఉంది.