చెప్పులు చేతబట్టుకుని లోపలికి పోయినవాళ్ళు

మొన్న నరసరావుపేటలో మా వసారాలో కూర్చుని ఉంటే, మనవరాలు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టి, "తాతా, నేను ల్యాబులో ఏ కుర్చీలో ఉన్నానో మా కాలేజీ యాప్ క్లాసు మొత్తానికీ చూపిస్తంది, దీన్ని ఆపేదెట్టా?" అని అడిగింది. అద్దాలు సర్దుకుని ఎంత వెతికినా ఆపే మీట కనపడలేదు. పైగా ఇలాంటిది దేశంలోనే మొదటిదని గొప్ప రాసుకున్నారు. మొదటిదంట! నాకు ఒళ్ళు మండింది.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటర్ ల్యాబంటే దుమ్ము పడకూడదని చెప్పులు గుమ్మం బయటే విడవాలి. వెల్దుర్తి మెట్ట పొలాల నుంచి పదో తరగతి తప్పి వెళ్ళిన నేను ఒక యూనివర్సిటీలో అలాంటి నాలుగు ల్యాబులకు అటెండరును. స్నేహితుడు ఎక్కడున్నాడో తెలియాలంటే పిల్లలు నాలుగు గుమ్మాల ముందూ చెప్పులు చూసుకుంటూ తిరగాల్సిందే. మాచర్ల కుర్రాడొకడి చెప్పుకు తెగిన పట్టీ బదులు ఎర్ర కరెంటు వైరు ఉండేది, అది కనపడితే చాలు వాడి జట్టంతా వచ్చి వాలేది. ఒంటరిగా చదువుకోవాలనుకున్నవాళ్ళు మాత్రం చెప్పులు పేపర్లో చుట్టి చేతబట్టుకుని లోపలికి పోయేవాళ్ళు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి.

ఆ తిరుగుడు చూడలేకే, లైబ్రరీవాళ్ళు పారేసిన పుస్తకాలతో నాకు నేనే కుస్తీపట్టి ఒక వెబ్ పేజీ తయారుచేశాను. మెషీను ముందు కూర్చోగానే పిల్లలు తమ పేరు అందులో ఇచ్చేవాళ్ళు; ఆ పేరు కొడితే ఏ ల్యాబో, ఎన్నో మెషీనో చెప్పేది. అయితే అందులో ఒక చిన్న గడి ఉండేది, దానిలో టిక్కు పెట్టినవాళ్ళే కనపడేవాళ్ళు. చెప్పులు చేతబట్టుకునేవాళ్ళను తలుచుకుని పెట్టిన గడి అది.

పిల్లలంతా దానికి అలవాటుపడ్డాక డిపార్టుమెంటు హెడ్డు గారు పిలిపించి, ఎవడెక్కడున్నాడో తనకు తెలియాలి, ఆ గడి తీసెయ్యమన్నారు. పిల్లలు నన్ను నమ్మి పేర్లిచ్చారండీ, వాళ్ళనడక్కుండా చూపించలేనన్నాను. "పది తప్పినోడివి, నువ్వు నాకు నీతులు చెప్పేదేందయ్యా! సాయంత్రానికి తియ్యకపోతే మళ్ళీ ల్యాబు మొహం చూడవు" అన్నారు. నేను సాయంత్రం దాకా ఆగలేదు. గడి తీయలేదు, పేజీ మొత్తం చెరిపేసి, నాలుగు ల్యాబుల తాళాలూ ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను.

మిగిలిన సర్వీసంతా స్టోరు గదిలో విరిగిన బెంచీల మధ్య గడిచింది. మళ్ళీ నన్ను మెషీను ముందు కూర్చోనివ్వలేదు. మాచర్ల కుర్రాడు అక్కడికే వచ్చి, "ఏందన్నా, మళ్ళీ మా చెప్పులే మాకు గతి చేశావు!" అని నవ్వి, నా పక్కనే విరిగిన బెంచీ మీద కూర్చున్నాడు. బాధపడ్డాను కానీ, చేసినదానికి ఒక్కనాడూ చింతించలేదు.

అలాంటి గడి పెట్టమని మనవరాలి కాలేజీకి ఉత్తరం నేనే రాశాను, కింద సంతకం పక్కన పది తప్పినవాణ్ణని కూడా రాశాను. జవాబు ఇంకా రాలేదు. ఇప్పుడు ల్యాబులోకి బూట్లతోనే పోతారట; ఆచూకీ చెప్పే ఫోను బయట వదిలేద్దామంటే, అది లేనిదే తలుపు తెరుచుకోదట. కనపడకూడదనుకున్న పిల్ల అప్పటి చెప్పుల్లా చుట్టి చేతబట్టుకుని లోపలికి పోవడానికి ఇప్పుడేమీ మిగల్లేదు.