పద్నాలుగు అంగుళాలు

రండి, ఆ చాప ఇట్లా లాక్కుని నా పక్కకే జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పే కథ కాదిది. నేను మూడో తరగతి దాకానే చదివాను. అయినా విన్న మాట, చూసిన ముఖం ఇంతవరకు ఒక్కటీ మరిచిపోలేదు. మరిచిపోయే వరం ఏదైనా ఉంటే మొదట ఈ సంగతినే మరిచిపోయేదాన్ని. ఇది మా తమ్ముడి సంగతి, నాలుగు కారు చక్రాల సంగతి.

అప్పట్లో మేం చిత్తూరులో బెల్లం మండీల వెనక సందులో ఉండేవాళ్ళం. అమ్మా నాయనా ఏడాది తేడాలో పోయారు. మా ఆయనకు తిరుపతిలో ఒక సత్రంలో వంటపని. పదిహేను రోజులకొకసారి వచ్చి రెండు రోజులుండి పోయేవాడు. ఇంట్లో నేనూ, తమ్ముడూ, నా కుట్టుమిషనూ. నేను రవికలు కుట్టేదాన్ని. చిత్తూరులో సగం మంది ఆడవాళ్ళ కొలతలు నా తలలోనే ఉండేవి, పుస్తకంలో రాసుకునే అలవాటు లేదు. ఆ గర్వం నాకు మెండుగా ఉండేది.

తమ్ముడు వేలూరు రోడ్డులో లారీల షెడ్డులో పనిచేసేవాడు. పదమూడో ఏట చేరాడు. ఇరవై నాలుగేళ్ళు వచ్చినా మేస్త్రి వాడిని లారీ కింద దూరనిచ్చాడే గాని స్టీరింగు పట్టనివ్వలేదు. మేస్త్రి లేనప్పుడు షెడ్డు ఆవరణలోనే దొంగచాటుగా తోలడం నేర్చుకున్నాడు. వాడి ప్రాణమేమో చిన్న కార్ల మీద. సందు చివర కారు పోతే ఇంట్లో అన్నం తింటూనే దానికి ఏ రోగమో చెప్పేవాడు.

ఒక మండీ ఆయన పెద్ద కొడుకు మద్రాసులో చదువుకుని వస్తూ ఒక కారు తెచ్చుకున్నాడు. ఎర్రది, రెండే తలుపులు, నేలకు అంటుకున్నట్టు ఉండేది. కొన్నాళ్ళకు అది మొరాయిస్తే బెల్లం గోదాములో ఒక మూలకు నెట్టి టార్పాలిను కప్పేశారు. సీట్లలో చీమలు గూళ్ళు పెట్టాయి. మా తమ్ముడు ఆదివారాలు పోయి, చీమల్ని దులిపి, ఇంజను విప్పి, నాలుగు నెలలు కష్టపడి దాన్ని బతికించాడు. అది గర్రుమన్న రోజు మండీ అబ్బాయి వాడి భుజం మీద చెయ్యేసి అన్నాడు:

"మద్రాసు బయట కార్ల పందెం ఉండాదప్పా. ఈ బండిని నువ్వే తోలు. గెలవనక్కరలేదు, ఆకరి చుట్టు దాకా నిలబెట్టు సాలు. ఆడ పందెం కార్లు చేసే షెడ్డాయన నాకు బాగా తెలుసు. నిన్ను ఆయన తావ చేర్పిస్తా."

తమ్ముడికి కావలసింది అదొక్కటే. లారీల కింద నుంచి బయటికి రావడం. దానికి ఇంకో దారి లేదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇంక చక్రాలు మిగిలాయి. పాత టైర్లు అరిగి బోడిగుండ్లయ్యాయి. అట్లాంటివి వేసుకొస్తే పందెంలోకి రానివ్వరట. మండీ అబ్బాయి ఒక ఇంగ్లీషు పుస్తకంలోంచి చించిన కాగితం తెచ్చాడు. అందులో వెండిలా మెరిసే అల్యూమినియం చక్రాలు. ఓడల మీద వచ్చినవి మద్రాసులో ఒకే అంగడిలో దొరుకుతాయట. వారం రోజులు సాయంత్రాలు ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని అదే మాట. నేను లోపల మిషను తొక్కుతూ వినేదాన్ని.

"పెద్ద చక్రాలే ఏస్తామప్పా. సూసేదానికి ఎంత బాగుండాయో సూడు."

"సూసేదానికా, తోలేదానికా అన్నా? చక్రం ఎత్తు పెరిగితే ఇంజను లాగలేదు. మడ్గార్డుకు రాసుకుంటాది కూడా." తమ్ముడు సుద్దముక్కతో నేల మీద గుండ్రాలు గీసి చూపించేవాడు. "టైరు వెడల్పు పెరగాల. మలుపులో రోడ్డును గట్టిగా పట్టుకుంటాది. ఎత్తు మాత్రం ఉండేదే ఉండాల. అంతే కిటుకు."

"వెడల్పు పెరగాల, ఎత్తు పెరగకూడదు అంటే నన్ను సూసుకోండి సాలు!" అని నేను లోపలినుంచి అరిచాను. మండీ అబ్బాయి నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

"మా అక్క కొలతే కొలత అన్నా," అన్నాడు తమ్ముడు.

చివరికి వెడల్పు చక్రాలూ, వాటికి తగిన టైర్లూ తెప్పించాలని తేల్చుకున్నారు. బోల్టుల రంధ్రాలకు తమ్ముడు కాగితం పెట్టి అచ్చు తీశాడు, నేను రవికకు తీసినట్టే. ఇక చక్రం ఎత్తును తేల్చే అడ్డకొలత ఒక్కటి రాయాలి. పాత టైర్ల పక్కనుండే అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. స్టెప్నీని ఇంటికి తెచ్చి గోడకు ఆనించి, "రేపు టైరు విప్పి కొల్చి రాస్తాలే అక్కా," అన్నాడు. తెల్లారేసరికి పలమనేరు దగ్గర లారీ చెడిపోయిందని మేస్త్రి వాడిని లాక్కుపోయాడు.

పది గంటలకు బెల్లం లారీ డ్రైవరు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆ చక్రాల అంగడి తెలిసిన డ్రైవరు అతనొక్కడే.

"ఏమక్కా, మీ తమ్ముడు చీటీ ఇస్తానన్యాడే, యాడ?"

"వాడు పలమనేరు పోయినాడు నాయనా. సాయంత్రం దాకా ఉండలేవా?"

"ఉండేదానికి నా లారీలో ఉండేది రాళ్ళు కాదు, బెల్లం. ఎండకు కారిందంటే మండీ ఆయన నా తోలు వలుస్తాడు. నేను మళ్ళా వారానికి గాని రాను."

వారం ఆగితే పందెం దాటిపోతుందేమోనని భయపడ్డాను. భయమని ఇప్పుడు చెబుతున్నాను గాని, అందులో సగం గర్వమే. కొలతే కదా, నాకు రానిదా? మెడలో వేలాడుతున్న టేపు తీసి స్టెప్నీ మీద పెట్టాను. ఇనుప చక్రం ఈ అంచు నుంచి ఆ అంచుకు పట్టాను. పద్నాలుగుకు కాస్త పైన. టైరు లోపల కూర్చునే గాడికి కొలవాలని, ఆ అంచు లెక్కలోకి రాదని నాకేం తెలుసు? వాడు టైరు విప్పి కొలుస్తానన్నది ఎందుకో ఒక్క క్షణం ఆలోచించలేదు. ఒకవేళ కాస్త తేడా వచ్చినా బిగుతు కాకూడదు, వదులైతే ఫరవాలేదు అనుకున్నాను. రవిక కుట్టే దాని బుద్ధి అంతే. బిగుతైతే గుడ్డ పాడు, వదులైతే ఒక కుట్టు వేసుకోవచ్చు. చీటీ మీద 14 అని రాసి, అచ్చు కాగితంతో కలిపి ఇచ్చేశాను.

తమ్ముడు సాయంత్రం వచ్చాక చెబితే, "కొల్చినావా? మంచి పని చేసినావక్కా," అన్నాడు. వాడూ అడగలేదు ఎట్లా కొలిచావని. నా చేతి కొలత మీద వాడికి అంత నమ్మకం.

పందెం ఇంక నాలుగు రోజులుందనగా చక్రాలు వచ్చాయి. తమ్ముడు గోనె విప్పి, ఒక చక్రాన్ని ఒళ్ళోకి తీసుకుని తుడిచి, టైరు పక్కనుండే అంకెలు చదివాడు. మళ్ళీ చదివాడు. ఇంట్లోకి పోయి మడత కొలబద్ద తెచ్చి, పాత స్టెప్నీ టైరు విప్పి గాడిలో పెట్టి కొలిచాడు. పదమూడు. తలెత్తి నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోపముంటే నేను ఇన్నేళ్ళు మోసేదాన్ని కాదు.

"సరిపోవా రా?" అన్నాను.

"సరిపోతాయిలే అక్కా," అన్నాడు.

తిప్పి పంపి మళ్ళీ తెప్పించే వ్యవధి లేదు. పాత చక్రాలకు సరిపోయే మంచి టైర్లు చిత్తూరులో ఎక్కడా దొరకలేదు, తిరుపతిలో మా ఆయన తిరిగి వెతికినా దొరకలేదు. రంధ్రాలు మాత్రం కాగితం అచ్చు ప్రకారం అతికినట్టు కూర్చున్నాయి. తమ్ముడు మూడు రోజులు గోదాములో కూర్చుని మడ్గార్డు లోపలి అంచుల్ని సుత్తితో కొట్టి పైకి మడిచాడు. జాకీ దించి చూస్తే వేలు పట్టేంత సందు ఉంది. ఖాళీ బండిని నేరుగా తోలితే ఎక్కడా తగల్లేదు. మండీ అబ్బాయి ఆ వెండి చక్రాలు చూసి చిన్నపిల్లాడిలా చుట్టూ తిరిగాడు.

మరుసటి ఉదయం కాణిపాకం తీసుకుపోయి బండికి పూజ చేయించాం. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అక్కడినుంచి పలమనేరు రోడ్డెక్కి మొగిలి కొండ ఘాటులో ఒకసారి తోలి చూద్దామన్నాడు మండీ అబ్బాయి. వాళ్ళిద్దరూ ముందు, నేను కొబ్బరికాయల బుట్టతో వెనక ఇరుకులో. నేను రానన్నా బాగుండేది. నా బరువు కూడా అందులో ఉంది కదా.

మొదటి మలుపులో వెనక చక్రం నుంచి 'బర్ర్' మని చప్పుడు వచ్చింది. రెండో మలుపులో రబ్బరు కాలిన వాసన. తమ్ముడు బండిని పక్కకు తీసి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని మడ్గార్డు కిందికి చెయ్యి పెట్టాడు. టైరు పక్కన జానెడు పొడుగున కోసుకుపోయి లోపలి దారాలు బయటికి కనబడుతున్నాయి.

మండీ అబ్బాయి దిగి చూశాడు. నవ్వు పోయింది. "ఎత్తు పెరగకూడదని నువ్వే కదప్పా గీసి గీసి చెప్పినావు? మరి ఇదేంది? ఎవురు కొల్చినారు?"

నేను బుట్ట పట్టుకుని బండి పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవాలి. తెరుస్తున్నాను కూడా.

"నేనే అన్నా," అన్నాడు తమ్ముడు. "తొందరలో అంచుకు కొల్చినాను."

"చక్రం కొల్చేదే తెలీనోడివి పందెంలో ఏం తోలతావు? నిన్ను నమ్మి ఆ షెడ్డాయనకు జాబు కూడా రాసినానే!"

తమ్ముడు తల వంచుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానని ఈ రోజు దాకా నన్ను నేనే అడుగుతున్నాను. మాట దొరకలేదంటే అబద్ధం. సిగ్గేసింది, అంతే.

కోసుకుపోయిన చక్రం తీసి, తమ్ముడు మళ్ళీ టైరెక్కించి కారులో పెట్టుకున్న పాత స్టెప్నీ బిగించి ఒక పక్కకు ఒరిగిన బండిని మెల్లగా చిత్తూరు దాకా తెచ్చారు. పందెం రోజు గడిచిపోయింది. నెల తర్వాత కారును బెల్లం లారీ మీదనే మద్రాసుకు పంపేశారు, వేరే ఎవరికో ఇచ్చేశారని విన్నాం. తమ్ముడు మళ్ళీ లారీల కింద దూరాడు. తర్వాత చిన్న కారు ఏది పోయినా వాడు అన్నంలోంచి తలెత్తేవాడు కాదు.

ఒక్కసారి అడిగాను. "నన్ను చెప్పనీకుండా నువ్వెందుకు మీదేసుకున్యావు రా?"

"నువ్వని చెప్తే టైరు తగ్గుతాదా అక్కా?" అన్నాడు. వాడు నన్ను ఆ మాట మీద అన్నది అంతే, అదీ నవ్వుతూనే.

ఆ మండీ అబ్బాయి ముసలివాడయ్యాక కూడా బజారులో కనిపించేవాడు. "మీ తమ్ముడు మంచోడే, కొలత తెలీకపాయె," అనేవాడు. నేను అవునన్నట్టు తల ఊపి వచ్చేసేదాన్ని. అతను పోయాడు, తమ్ముడూ పోయాడు. ఏళ్ళ తరబడి వాడు లారీల కింద పడుకుని పనిచేసిన చోట షెడ్డు నేలంతా నూనె మరక, కడిగినా పోలేదు. నిజం చెప్పడానికి ఇక ఎవరూ మిగల్లేదు, మీరు తప్ప.

సరే, పొద్దు వాలుతోంది, లేవండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి ఆరకూడదు. మీ పిల్లలు కోరుకున్న పనిలో చెయ్యి తిరగాలి. మీ గడప లోపల ఒకరి తప్పు ఇంకొకరు మొయ్యాల్సిన రోజు రాకూడదు. వస్తే, నోరు తెరిచే ధైర్యం ఆ దేవుడు మీకు ఆ క్షణంలోనే ఇవ్వాలి.