గేటుకి తగిలించిన హెల్మెట్

గున్నమ్మ పిన్నికి తెలిసిన సినిమాలన్నీ ఇంటర్వెల్ దగ్గర ఆగిపోతాయి. అక్కడి వరకూ ఎవరు ఎవరిని మోసం చేశారో, ఏ బిడ్డ ఏ జాతరలో తప్పిపోయిందో పూసగుచ్చినట్టు చెబుతుంది. ఆ తర్వాత ఏమైంది పిన్నీ అంటే, "ఏటవుద్ది, అందరూ కలిసిపోయినారు" అని తేల్చేస్తుంది. ఏడిపించే సినిమా అయినా అంతే.

ఛత్తీస్‌గఢ్‌లో ఉక్కు ప్లాంటు పనివాళ్ళుండే క్యాంప్ 1లో వాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుని, ఎండు నెత్తళ్ళ చేపల తలలు తుంచుతూ ఆవిడ ఈ సంగతులు చెప్పింది. చేట ఖాళీ అయితే మాటా ఆగిపోయేది. మళ్ళీ నెత్తళ్ళు వచ్చేదాకా ఆగాలి.

"నాను సినిమాకని ఎప్పుడెల్లినాను బాబూ. మీ సిన్నాన్న నిద్దరకని ఎల్లీదాన్ని."

సిన్నాన్న అంటే ఆవిడ భర్త గోవిందరావు. ప్లాంటులో క్రేను నడిపేవాడు. షెడ్డు కప్పు కింద, ఎత్తున వేలాడే చిన్న గదిలో కూర్చుని, కరిగిన ఉక్కు నిండిన గంగాళాలను ఇటు నుంచి అటు మోయించే పని. కింద మనుషులు తిరుగుతుంటారు. నైట్ షిఫ్ట్ వారంలో ఆయన పగలు నిద్రపోయి తీరాలి. ఇల్లు చూస్తే ఒకటే గది, పైన రేకులు. కూతురు ఛాయ అప్పటికి చిన్నది, గొంతు మాత్రం పెద్దది.

ఆ సందులో ఒక కట్టుబాటు ఉండేది. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి పడుకుంటే, ఆయన హెల్మెట్‌ని తలుపు గొళ్ళేనికి బయట తగిలించేవారు. అది కనబడితే కూరల బండివాడు అరవకుండా దాటిపోయేవాడు. కారం దంచే ఆడవాళ్ళు రోకలి పక్కన పెట్టేవాళ్ళు. పసిపిల్లకి హెల్మెట్ సంగతి ఏం తెలుస్తుంది? అందుకని గున్నమ్మ దాన్ని తగిలించి, పిల్లని చంకనేసుకుని మేట్నీకి పోయేది.

టాకీసుకి అసలు పేరు వేరే ఉండేది గానీ, గోడల వెంబడి తిరిగే పెద్ద పంకాల వల్ల అందరూ పంఖా టాకీసే అనేవారు. ఆదివారం పొద్దుటాట తెలుగు, మిగిలినవన్నీ హిందీ. ఆడవాళ్ళ బెంచీలకి నడుమెత్తు గోడ అడ్డం. ఆ పక్క గేటు దగ్గర బిసాహూ అనే ఛత్తీస్‌గఢ్ మనిషి నిలబడి, "ఆవో దీదీ, నైట్ షిఫ్ట్ ఆ గయీ" అని నవ్వేవాడు. మొగుడి డ్యూటీ మారిన సంగతి ఆమె ముఖం చూస్తేనే అతనికి తెలిసిపోయేది.

ఇంటర్వెల్ అయ్యాక పంకాల హోరుకి ఆవిడ కళ్ళు మూసుకుపోయేవి. ఆయన పైన క్రేనులో ఉన్న రాత్రుల్లో ఆవిడకీ నిద్రుండేది కాదు మరి. ఆట అవగానే ఛాయ భుజం కుదిపేది.

"అమ్మా, ఖతమ్. లెగు."

"ఏటయినాదే?"

"సబ్ మిల్ గయే."

పిల్లకి ఇంటికెళ్ళే తొందర. ప్రతి సినిమాకీ అదే జవాబు, అందరూ కలిసిపోయారని.

ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చిన ఏడాది టాకీసులో జనం పలచబడ్డారు. ఆ మరుసటేడు ఆటలు ఆపేశారు. బిసాహూ ఒక్కడే వాచ్‌మన్‌గా మిగిలాడు. అప్పటికి ఛాయ బడికి పోతోంది, ఇంట్లో అల్లరి లేదు. ఇంక ఆయన నిశ్చింతగా పడుకోవచ్చనుకుంటే గోడలు మాట్లాడటం మొదలుపెట్టాయి. పక్కింట్లో బేబీ వాళ్ళది రైల్వే కుటుంబం, సందులో మొదట టీవీ కొన్నది వాళ్ళే. గున్నమ్మ వెళ్ళి చెప్పింది.

"కూసింత తగ్గించవే బేబీ. మీ అన్నయ్య తొంగున్నాడు."

"తగ్గిస్తే మా అత్తకి ఇనబడదు వదినా. నువ్వే రా, కూకో. పాటొస్తంది."

అయినా తగ్గించింది. తగ్గిస్తే రెండో గోడ అవతలి టీవీ వినబడింది. హెల్మెట్ తలుపుకే వేలాడుతోంది. చూడటానికి సందులో మనిషి ఉంటే గదా, అందరూ లోపలే.

ఒక పొద్దున గోవిందరావు డ్యూటీ నుంచి వచ్చి సైకిలు గోడకి ఆనించి, గుమ్మంలోనే కూలబడ్డాడు.

"రాత్రి పైన కన్ను మూసుకుపోనాదే. చెయ్యి మీట మీదే ఉంది. కింద ఎవుడో విజిలేస్తే తెలివొచ్చింది" అన్నాడు. ఆవిడతో తప్ప ఇంకెవరితోనూ అనలేదు.

గున్నమ్మ తిన్నగా టాకీసుకి వెళ్ళింది. బిసాహూ అంతా విని, "లే ఆవో భయ్యా కో. అందర్ చూహోం కే సివా కౌన్ హై" అన్నాడు. ఎలకలు తప్ప ఎవరున్నారు, తీసుకురమ్మన్నాడు.

టాకీసు నడిచినన్నాళ్ళూ గోవిందరావు అందులో కాలు పెట్టలేదు. మూతపడ్డాక నైట్ షిఫ్ట్ వారాల్లో రోజూ వెళ్ళాడు. ఇంత అన్నం తిని, దుప్పటి చంకన పెట్టుకుని, ఒకప్పుడు పెళ్ళాం కూర్చున్న బెంచీ మీదే పడుకునేవాడు. చీకటి, చల్లదనం. గున్నమ్మ వెనకాలే వెళ్ళి హెల్మెట్‌ని ఆడవాళ్ళ గేటుకి తగిలించి వచ్చేది. బిసాహూ ఉండగా అదెందుకని నేనడిగితే, "అలవాటు బాబూ. నేకపోతే నాకు నిద్దరట్టదు" అంది.

సందులో వాళ్ళు ఊరుకుంటారా. "ఏటి గోవిందూ, మేట్నీ బాగుందా?" అనేవారు.

"ఎలకల్తో హౌస్‌ఫుల్" అనేవాడాయన.

అలా రెండు ఎండాకాలాలు గడిచాయి. ఆయన ముఖం తేటపడింది. ఆ తర్వాత టాకీసు స్థలం అమ్ముడుపోయింది, దుకాణాలు కడతారట. సోమవారం పగలగొడతామని బిసాహూకి చెప్పినవాళ్ళు శనివారమే సమ్మెటలతో దిగారు. కబురు తెలిసి గున్నమ్మ పరిగెత్తింది.

వెళ్ళేసరికి కూలీలు బయట గోడ నీడన కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. అందరూ క్యాంపు వాళ్ళే. గేటుకి హెల్మెట్ ఉంది. కంట్రాక్టరు మనిషి మాత్రం పక్క ఊరు దుర్గ్ నుంచి వచ్చినవాడు. "కిస్కా టోపీ హై? ఉఠావో, కామ్ షురూ కరో" అని, ఎవడిదో ఆ టోపీ తీసి పని మొదలెట్టమని అరుస్తున్నాడు. ఒక ముసలి కూలీ లేవకుండానే, "నైట్ కియా హై సాబ్. సోనే దో" అన్నాడు. రాత్రి డ్యూటీ చేసొచ్చాడు, పడుకోనీమని.

"లేపుదునా వద్దా అని గేటు కాడే నిలబడిపోయినాను. రాత్రికి మళ్ళీ పైకెక్కాల గదా" అంది గున్నమ్మ, నెత్తడి తల పక్కకి పారేస్తూ.

లేపనక్కర్లేకపోయింది. కంట్రాక్టరు మనిషి అరుపులకి ఆయనే కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చాడు. జనాన్నీ సమ్మెటల్నీ చూశాడు.

"ఏటి, ఆట అయిపోనాదా?"

"అయిపోనాది. ఇంటికి పద."

హెల్మెట్ తీసుకుని ఇద్దరూ వీధి మలుపు దాటకముందే వెనక మొదటి దెబ్బ పడింది. తిరిగి చూడలేదట.

ఆ రాత్రే గోవిందరావు క్రేను ఎక్కే ముందు ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి, పగటి నిద్ర లేకుండా పైన ఇక తన వల్ల కాదనీ, కింద ఏ పనైనా ఇమ్మనీ అడిగాడు. ఇప్పుడు నేల మీద పని. కునుకు పడితే తను పడాల్సిందే గానీ ఇంకొకడి మీద ఏమీ పడదు. "పైనుండీవోడు కిందకొచ్చినాడని నవ్వినోలు నవ్వినారు. నాను నవ్వనేదు, ఏడవనేదు. రాత్రుళ్ళు పడుకుంటన్నాను" అంది.

ఆయన నైట్ షిఫ్టులు మాత్రం పోలేదు. మేం మాట్లాడుతున్నప్పుడు కూడా తలుపు గొళ్ళేనికి హెల్మెట్ ఉంది. లోపల నులకమంచం కిర్రుమంది. ఆయన అటు నుంచి ఇటు దొర్లినట్టున్నాడు. పక్కింట్లో ఏదో పాత సినిమా నడుస్తోంది. గున్నమ్మ చేట దింపి, చేతులు కొంగుకి తుడుచుకుని, బేబీ గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"తగ్గించవే."

"ఉండొదినా, అయిపోవొచ్చింది. నువ్వు సగం సూసిందేనట గదా ఇది. కూకో, మిగతాది సూద్దువు."

"ఏటుంది సూడ్డానికి. అందరూ కలిసిపోతారు" అంది గున్నమ్మ. లోపలికి వెళ్ళలేదు. సౌండు తగ్గేదాకా గుమ్మం పట్టుకుని నిలబడింది.