లేని దిమ్మెలు

కె.ఆర్.పురంలో బస్సెక్కి, ఫోన్‌లో ఒక పాత గుడి స్తంభం ఫొటో చూస్తున్నాను. రెండు జంతువుల ఒళ్ళకు కలిపి ఒకే తల చెక్కిన శిల్పం అది. పక్క సీట్లో పెద్దావిడ తొంగిచూస్తుంటే, "ఏనుగు కదండీ?" అని ఉడికించాను. ఆమె అరచేత్తో బొమ్మలో కుడివైపు మూసింది. "ఇప్పుడు ఎద్దు." ఎడమవైపు మూసింది. "ఇప్పుడు ఏనుగు. నా కండ్లను మోసం చేసేకి అయితాదా అప్పా?"

ఇద్దరం ఒకే స్టాపులో దిగాం. రోడ్డు దాటేచోట బండ్లు నెమ్మదించాలని, గాల్లో తేలే దిమ్మెల్లా కనిపించే తెల్ల గీతలు వేశారు. నేను నోరు తెరిచేలోపే, "అంతా పెయింటేనప్పా, నాకు తెలియదా?" అంటూ ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని, దిమ్మె ఎక్కబోతున్నట్టు ఇంతెత్తున కాలెత్తింది. కాలు టప్పున నేలకు తగిలింది. నవ్వబోయాను గానీ, నా కాలు కూడా అప్పటికే గాల్లో ఉంది.

ఆటోవాళ్ళు హారన్లు కొడుతున్నా రోడ్డు మధ్యలో ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

"కండ్లకు తెలిసింది సరే, కాలికి ఎవరు చెప్పాల?" అంది.

ఈ వానలకు ఆ పెయింటు పూర్తిగా పోయింది. నిన్న అక్కడ రోడ్డు దాటుతుంటే ఎదురొచ్చినాయన నన్ను వింతగా చూశాడు. ఉత్త తారు మీద నేను అంతెత్తున కాలెత్తి అడుగేశాను మరి.