నాన్న అనుమానించిన నక్షత్రం

పోయిన నెల కాటన్‌పేటలో మా గుడ్డల అంగడి ఖాళీ చేస్తుంటే, అటక మీద నల్లగుడ్డ చుట్టిన పటం ఒకటి దొరికిందని తమ్ముడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. విప్పి చూశాను. అది దేవుడి పటం కాదు, తాతగారి ఫొటో కాదు. తొంభైల్లో నేను ఖగోళ పరిశోధనలో ఉండగా అచ్చయిన వ్యాసం చివరి పుట.

ఆ రోజుల్లో ఆడపిల్ల కంప్యూటరు ముందు కూర్చుంటుందంటే బ్యాంకు ఉద్యోగమేమో అనుకునేవారని మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నేను మాత్రం గెలాక్సీల నడిమధ్యన ఏముందో వెతికే పనిలో చేరాను. కొన్ని గెలాక్సీల కేంద్రం, తన చుట్టూ ఉన్న కోట్ల నక్షత్రాలను మించి వెలుగుతుంది. ఆ వెలుగుకు మూలం గుంపులుగా పుడుతున్న కొత్త నక్షత్రాలా, వాయువును మింగుతున్న కృష్ణబిలమా అన్నదే మా గైడుగారిని ఏళ్ళ తరబడి పట్టి పీడించిన ప్రశ్న. వెలుగు త్వరత్వరగా మారుతోందంటే అది చాలా చిన్న చోటు నుంచి వస్తున్నట్టు. అంత చిన్న చోట నక్షత్రాల గుంపు పట్టదు. అందుకని టెలిస్కోపు చిత్రాల్లో కేంద్రం వెలుగును పక్కనున్న ఒక మామూలు నక్షత్రంతో పోల్చి కొలవడం నా పని.

రెండేళ్ళు కొలిచాక, ఒక కేంద్రం వెలుగు రెండు మూడు రోజుల్లోనే హెచ్చుతగ్గులవుతున్నట్టు తేలింది. గైడుగారు ఉబ్బితబ్బిబ్బై వ్యాసం రాసి, మొదటి పేరు నాదే పెట్టారు. అది అచ్చయితే నా పీహెచ్‌డీ గట్టెక్కినట్టే.

ఆదివారం అంగడిలో నాన్నకు ఈ సంగతంతా వివరించాను. ఏడో తరగతి దాటని మనిషి. కానీ ట్యూబ్‌లైటు కింద గుడ్డ రంగు తేల్చడం ఆయన దృష్టిలో తప్పు. కొత్త గుడ్డ తాను వస్తే పాత నమూనా ముక్క పక్కన పెట్టుకుని, వాకిట్లో పగటి వెలుతురులో చూడాల్సిందే. నేను చెప్పిందంతా విని, చేతిలోని ముక్క మడత పెడుతూ అడిగారు.

“నువ్వు పక్కన పెట్టుకోని చూస్తా ఉండే చుక్క, అదే వెలిసిపోతా ఉండాదేమో చూసినావామ్మా?”

నవ్వేశాను. మర్నాడు బస్సులో ఆ నవ్వు ఆగిపోయింది. ఆ నక్షత్రాన్ని ఇంకో నక్షత్రంతో నేను ఎన్నడూ సరిచూడలేదు. చుట్టుపక్కల నక్షత్రాలతో సరిచూస్తే మధ్యాహ్నానికి తేలిపోయింది, రోజుల్లో మారుతున్నది కేంద్రం కాదు, నేను నమ్ముకున్న నక్షత్రమే.

చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదేమో. గైడుగారి తలుపు తట్టి చెప్పాను. నా ఉద్యోగ జీవితమంతటిలో నేను గర్వంగా చెప్పుకునేది ఏదైనా ఉంటే అది ఆ తలుపు తట్టడమే. ఆయన విసుగ్గా వ్యాసాన్ని పక్కన పెట్టేశారు. మరో మూడు నక్షత్రాలను ఎంచుకుని, అవి నిలకడగా వెలిగేవేనని తేల్చుకుని, ప్రతి చిత్రాన్నీ మొదటినుంచి కొలిచాను. రోజుల్లో వచ్చిన మార్పులు మాయమయ్యాయి గాని, వారాల తరబడి సాగే మార్పు మాత్రం చెక్కుచెదరకుండా నిలిచింది. కృష్ణబిలం వైపు వాదించడానికి మాకు అది చాలింది.

వ్యాసం చివర కృతజ్ఞతల్లో గైడుగారే ఒక వాక్యం చేర్చారు, పోలిక నక్షత్రాన్ని అనుమానించమన్న కాటన్‌పేట గుడ్డల వ్యాపారికి ధన్యవాదాలని. ఇంగ్లీషు రాని నాన్న ఆ పుటకు పటం కట్టించారు. ఎండకు అక్షరాలు వెలిసిపోతాయని నల్లగుడ్డ చుట్టి దాచి, తుమకూరు నుంచి పాత ఖాతాదారులు వస్తే మాత్రం వాకిట్లోకి తీసుకెళ్ళి, సరిగ్గా ఆ వరుస మీదే వేలు పెట్టి చూపేవారు.

ఇప్పుడు కంప్యూటరే వందల నక్షత్రాలను ఎంచి, చెడ్డవాటిని క్షణంలో ఏరిపారేస్తుంది. మంచిదే. కానీ ఆదివారం పూట ఎవరికో అర్థమయ్యేలా చెప్పబోయి మన తప్పు మనమే తెలుసుకోవడం ఇప్పుడు పరిశోధనలోకి వచ్చే పిల్లలకు లేకుండా పోయింది, అందుకు బాధగానే ఉంటుంది.

పటం దొరికిన రోజు నేనూ దాన్ని అంగడి వాకిట్లోకి తీసుకెళ్ళాను. ఎదురుగా లేచిన మేడ నీడలో చదవలేక, ఎండ పడే వీధి మలుపు దాకా నడిచాను. ఒక్క అక్షరమూ వెలిసిపోలేదు.