ప్రమీలారాణి బోడికారు

ప్రమీలారాణిది కంచికచర్ల. జగ్గయ్యపేట భవానీప్రసాద్‌కిచ్చి పెళ్ళి చేసేనాటికి ఆమె స్కూలు ఫైనలు పాసై ఇంట్లో ఉంటోంది. పెళ్ళికొడుక్కి పత్తీ మిరపా పండే మెట్ట భూములున్నాయి, ఊళ్ళో మేడ ఉంది. తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి బసవమ్మే పెంచింది. మనిషి నెమ్మదస్తుడు. పెళ్ళిచూపులు పట్టపగలు జరిగాయి. వంక పెట్టడానికి ఎవరికీ ఏమీ కనిపించలేదు.

పెళ్ళయిన రెండో ఏడు అతను మద్రాసు వెళ్ళి కారు కొనుక్కొచ్చాడు. ఎవరో దొర దేశం వదిలిపోతూ అమ్ముకున్న ఎం.జి. అనే ఇంగ్లండు కారు. ఇద్దరు పట్టే బండి. పైకి లాక్కునే గుడ్డ టాపు ఉండేది గాని అది అప్పటికే చీలికలై ఉంటే పీకి పారేశాడు. నేలను కరుచుకుని పోయే ఆ ఎర్రకారును చూసి చిల్లకల్లు దగ్గర ఎద్దులు బెదిరేవి. జగ్గయ్యపేటలో దాన్ని బోడికారు అన్నారు. అతనికి కోపం రాకపోగా తనూ అలాగే పిలిచేవాడు.

చీకటి పడితే అతను గడప దాటకపోవడం ఆమె కాపురానికొచ్చిన కొత్తలోనే గమనించింది. పెరట్లోకి వెళ్ళాలన్నా గోడ పట్టుకుని నడిచేవాడు. లాంతరు కాస్త దూరమైతే మంచినీళ్ళ గ్లాసు కోసం తడుముకునేవాడు. అడిగితే నవ్వేసి ఊరుకునేవాడు. కారొచ్చాక దాచడం కుదరలేదు. ఒకసారి బెజవాడ నుంచి తిరిగొస్తుంటే కీసర వంతెన దగ్గరే పొద్దుగూకింది. అతను కారు రోడ్డు పక్కకు తీసి ఆపాడు. చేతులు స్టీరింగు మీదే ఉంచి, తనకు రేచీకటి అని చెప్పాడు. మద్రాసులో పెద్ద డాక్టరు చూసి దీనికి మందు లేదన్నాడట.

"మా అమ్మక్కూడా తెలీదు. ఎవరికీ చెప్పకు రాణీ."

ఆమె చెప్పనంది. ఆ రాత్రి తెల్లవారేదాకా ఇద్దరూ ఆ కారులోనే కూర్చున్నారు. ఇంటికొచ్చాక బండి చెడిపోయిందని చెప్పారు.

తర్వాత ఆమె కారు నేర్చుకుంది. జొన్న కోసేసిన చేలో అతనే పక్కన కూర్చుని నేర్పాడు. బందరు వెళ్ళి లైసెన్సు తెచ్చుకుంది. పగలు అతను నడిపేవాడు, పొద్దు వాలగానే ఎక్కడో ఒకచోట ఆపి ఇద్దరూ సీట్లు మారేవాళ్ళు. రాత్రి కప్పులేని కారు నడపడం మొదట్లో ఆమెకు నరకంగానే ఉండేది. పురుగులొచ్చి మొహానికి కొట్టుకునేవి. మిరపకాయల లారీ ముందు పోతుంటే కళ్ళు మండేవి. అన్నిటికన్నా వెనకాల వచ్చే లారీలతో బాధ. కారు కిందికి ఉంటుంది, తల వెనక అడ్డమేదీ లేదు. లారీ దీపాలు సరిగ్గా ఆమె తల ఎత్తున వచ్చి, ముందు గ్లాసు మధ్యన బిగించిన చిన్న అద్దంలో పడి కళ్ళల్లోకి కొట్టేవి. ఆ వెలుతురు పోయాక కూడా కాసేపటిదాకా రోడ్డు కనిపించేది కాదు.

మొదటిసారి గౌరవరం దగ్గర అలాగే అయింది. రోడ్డంతా తెల్లగా అలికేసినట్టయి ఆమె బ్రేకు తొక్కబోతుంటే, భవానీప్రసాద్ చెయ్యి చాపి అద్దాన్ని కిందికి తిప్పేశాడు. ఎలా తెలిసిందని తర్వాత అడిగింది.

"రాత్రిపూట నాకు కనిపించేది అదొక్కటేగా," అన్నాడు.

అప్పట్నుంచి అద్దం పని అతనిది. వెనక వెలుగు పడగానే తిప్పేవాడు. ఆమె వేగం తగ్గించి రోడ్డు ఎడమ అంచు మీద చూపు నిలిపి, కుడిచెయ్యి బయటికి చాపి, పొమ్మని ఊపేది. లారీ దాటిపోయాక ఆమె చెబితే అద్దాన్ని మళ్ళీ పైకి తిప్పేవాడు.

ఊరు మాత్రం వేరుగా చూసింది. మొగుణ్ణి బియ్యం మూటలా పక్కన పడేసుకుని ఆడది బండి తోలుతోందని బజారంతా చెప్పుకున్నారు. బసవమ్మ ఇంటికొచ్చిన చుట్టాల ముందే, మా ఇంట్లో పెత్తనం కోడలిదేనమ్మా అనేది. ప్రమీలారాణి వినేది, వంటింట్లోకి వెళ్ళిపోయేది. కూతురు జయమణి పుట్టాక కూడా ఆ మాటలు ఆగలేదు. ఎదురు చెప్పాలంటే అతని రహస్యం చెప్పాలి. చెప్పనని మాటిచ్చింది.

పంతొమ్మిది వందల అరవైలో, వానాకాలం చివర, భవానీప్రసాద్‌కు కామెర్లు వచ్చాయి. ఊళ్ళో పసరు పోయించారు. ముదిరాక బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్తే నాలుగు రోజులు కూడా లేడు. మధ్యాహ్నం పూట, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతుండగా పోయాడు.

ప్రమీలారాణికి ఏడుపు రాలేదు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని ఏడ్చి, ఆమె ఏడుస్తుందేమోనని చూసి, లేచి వెళ్ళిపోయేవాళ్ళు. గుండె రాయి అన్నవాళ్ళున్నారు. అదీ ఆమె చెవిన పడింది, దూరంగా ఎవరి గురించో అనుకుంటున్నట్టు. కూరలో ఉప్పు లేకపోయినా తినేసేది. జయమణికి ఒక జడ అల్లి, రెండోది అల్లాలని మరిచిపోయి, దువ్వెన చేత్తో పట్టుకుని అలాగే కూర్చునేది. కారు కొట్టంలో దుమ్ము పట్టింది. బోడికారు అన్న మాట ఆమె ఎదుట అనడానికి ఇప్పుడు ఎవరికీ నోరు వచ్చేది కాదు. మొగుడు పోయినదాన్నీ బోడి అంటారని ఆమెకు చాలారోజుల దాకా తట్టలేదు.

మాఘమాసంలో ఒక సాయంత్రం బసవమ్మకు కడుపులో నొప్పి మొదలైంది. దీపాలు పెట్టేసరికి మెలికలు తిరిగిపోతోంది. ఊళ్ళో డాక్టరు పెళ్ళికి పోయాడు, నందిగామ బస్సు దాటిపోయింది. ప్రమీలారాణి జయమణిని పనిమనిషి రత్తమ్మకు అప్పజెప్పి, కొట్టం తలుపులు తీసింది. బ్యాటరీ చచ్చిపోయి ఉంది. వీధిలోవాళ్ళు నలుగురు తోస్తే కారు దగ్గి దగ్గి అందుకుంది. అత్తగారిని రగ్గు కప్పి పక్క సీట్లో కూర్చోబెట్టి బయల్దేరింది. ఆ సీట్లో బసవమ్మ కూర్చోవడం అదే మొదలు.

చలిగాలి మొహాన కొడుతోంది. బసవమ్మ మూలుగుతూ ఆగుతూ ఉంది. గౌరవరం దాటాక వెనక లారీ తగులుకుంది. అద్దంలో వెలుగు ఒక్కసారిగా కళ్ళల్లో పడింది. ప్రమీలారాణి ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది, ఎవరో తిప్పుతారన్నట్టు. చక్రం రోడ్డు దిగి కంకరలో కరకరలాడాక తెలివొచ్చి, ఎడమచేత్తో అద్దాన్ని కిందికి తోసేసింది. వేగం తగ్గించి, కుడిచెయ్యి బయటికి చాపి ఊపింది. లారీ దుమ్ము రేపుకుంటూ దాటిపోయింది. దాని వెనక ఎర్రదీపాన్ని పట్టుకుని ఆమె నెమ్మదిగా పోనిచ్చింది.

"ఈ అద్దం వాడు తిప్పేవాడా?" అంది బసవమ్మ.

చచ్చిపోయినవాడికిచ్చిన మాట నిలబెట్టుకోవాలో అక్కర్లేదో ప్రమీలారాణి ఆలోచించలేదు. "అవునత్తయ్యా. ఆయనకి రాత్రిపూట కళ్ళు కనపడేవి కావు. అందుకే నేను నడిపేదాన్ని," అని చెప్పేసింది.

బసవమ్మ రగ్గు మీదికి లాక్కుంది. నొప్పి వచ్చి పోయేదాకా పళ్ళు బిగబట్టి, ఆ తర్వాత అంది.

"నాకు తెలుసు. వాళ్ళ నాన్నకీ అంతే. పొద్దుగూకితే చెయ్యి పట్టుకుని తిప్పేదాన్ని."

"మా వాళ్ళకి చెప్పలేదేం?"

"చెబితే నిన్నిచ్చేవాళ్ళా?"

నవాబుపేట దీపాలు ఒకటీ రెండూ వచ్చి వెనక్కి పోయాయి. మళ్ళీ బసవమ్మే మాట్లాడింది. "ఊరు నిన్నంటే వాడి సంగతి ఎవరూ ఆరా తియ్యరనుకున్నా. అందుకే నేను కూడా అన్నా. నువ్వేదన్నా అనాలంటే అనమ్మాయ్."

ప్రమీలారాణి లోపల వెతుక్కుంది. కోపం రావాలి. ఇన్నేళ్ళూ పడ్డ మాటలన్నీ ఇప్పుడు నోటికి రావాలి. ఏవీ రాలేదు. చేతులకు స్టీరింగు చల్లగా తగులుతోంది, అంతే.

"అత్తయ్యా, నొప్పెలా ఉంది?" అంది.

నందిగామ ఆసుపత్రిలో ఇంజక్షనిచ్చి, మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచుకుని పంపించారు. మూత్రంలో రాయి అన్నారు. నీళ్ళు బాగా తాగమన్నారు. పగటి వెలుతుర్లో తిరిగొస్తూ అత్తాకోడళ్ళు మిరప ధర గురించి మాట్లాడుకున్నారు.

రాత్రి రోడ్డు మీద విన్నదాంట్లో ప్రమీలారాణి మనసుకు ఒక్క ముక్కే అంటుకుంది. జయమణి తాతకుంది, తండ్రికుంది. రెండు రోజులు దాని జోలికి పోకుండా తిరిగింది. మూడోనాడు మునిమాపు వేళ, దీపం పెట్టకుండా, ఒక కంచు చెంబు తీసుకెళ్ళి పెరటి చివర బావి అరుగు పక్కన పెట్టొచ్చి జయమణిని పిలిచింది. చెంబు తెచ్చిపెట్టమంది. పిల్ల దారిలో కట్టిన దూడ పలుపును దాటుకుని పరుగెత్తి తెచ్చి ఇచ్చింది. బాగా చీకటి పడ్డాక మళ్ళీ వెళ్ళి, ఈసారి నీళ్ళగది వెనక పెట్టింది. పిల్ల అదీ తెచ్చింది. మూడోసారి ఎక్కడ పెట్టిందో ప్రమీలారాణికే సరిగ్గా గుర్తులేదు. పిల్లే వెతికి పట్టుకుంది. అమ్మ ఏదో ఆట ఆడుతోందనుకుని, ఇంకోసారి దాచమని కొంగు పట్టుకు లాగింది.

వసారాలో మంచం మీద నుంచి బసవమ్మ, "దాన్నింక తిప్పకు. నాలుగో ఏడప్పుడే చూశా నేను. దానికేం లేదు," అంది.

ప్రమీలారాణి మెట్ల మీద కూర్చుండిపోయింది. జయమణి వచ్చి ఒళ్ళో పడుకుంటే తల నిమిరింది. లోపల్నుంచి రత్తమ్మ దీపం తెచ్చి గూట్లో పెట్టింది.

ఆ తర్వాత అత్తగారు కోడలి మీద ఎవరి దగ్గరా మాట జారలేదు. ఊరు మాత్రం మానలేదు. అయినా రాత్రివేళ ఎవరింట్లోనైనా కాన్పు కష్టమైతే ముందు ఆ మేడ తలుపే తట్టేవాళ్ళు. ఆమె తాళంచెవి తీసుకుని లేచేది. వచ్చేటప్పుడు వాళ్ళు దణ్ణాలు పెడితే తల ఊపేది. ఆ మొహంలో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. నిజానికి ఆ వేళల్లో ఆమె ఏమీ అనుకునేది కాదు. రోడ్డు చూసేది.

అరవై నాలుగులో ఆ కారు టైర్లు దొరకడం మానేశాయి. నందిగామలో కుటుంబరావనే ప్లీడరు మోజుపడి అడిగితే ఇచ్చేసింది. తనే నడుపుకుంటూ వెళ్ళి వాళ్ళ వాకిట్లో పెట్టి, కాఫీ తాగమంటే తాగి, నడుచుకుంటూ బస్టాండుకొచ్చింది. చీకటి పడుతోంది. జగ్గయ్యపేట బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. బస్సు కదిలాక బయటికి, రోడ్డు వైపు చూద్దామనుకుంది గాని, కళ్ళు మూతలు పడిపోయాయి. ఊరొచ్చి అందరూ దిగిపోయాక కండక్టరొచ్చి, "అమ్మా, పేటొచ్చిందండి," అని లేపితే లేచి, కొంగు సర్దుకుని దిగింది.