ఫ్యాను లేని ల్యాప్‌టాప్, మా బాబాయ్ ఆఖరి పాట

ఒక మనిషిని నిండా ముంచాలంటే మామూలువాళ్లకు ఏళ్లు పడుతుంది. నాలాగా లైబ్రరీలో చదువుకున్నవాడికి ఒక మధ్యాహ్నం చాలు. అలాంటి ఒక మధ్యాహ్నం మా బాబాయ్ గొంతును నేనెలా ముంచానో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. నాకూ వస్తుంది, కాకపోతే సగంలో ఆగిపోతుంది.

దానియేలు బాబాయ్ పొదిలి దగ్గర మా ఊరి చర్చిలో పాటల బృందానికి పెద్ద. కోత పండక్కి ఆయనే పాట కట్టి, ఆయనే నేర్పి, తాళం తప్పినవాణ్ణి ఆయనే తిట్టేవాడు. తిట్టు కూడా శ్రుతిలోనే ఉండేది. అలాంటి మనిషికి గొంతులో క్యాన్సర్ అన్నారు. గుంటూరులో ఆపరేషను. ప్రాణం దక్కుతుంది, గొంతు దక్కదు. ఆయన కట్టిన పాటల మాటలు కాగితాల మీద ఉన్నాయి గాని, వరసలు ఆ గొంతులో తప్ప ఇంకెక్కడా లేవు. వాయిద్యం ఏదీ రాదాయనకు. వేళ్లతో బల్ల మీద తాళం, అంతే.

"ఒరేయ్ ప్రసాదూ, ఇది పోయేలోపు వీటిని దేంట్లోనైనా పెట్టరా," అన్నాడు గొంతు పట్టుకుని.

"ఫోన్లో రికార్డు చేస్తే పోలా?" అంది పిన్ని.

నేనామె వంక జాలిగా చూశాను. పొదిలి లైబ్రరీలో కంప్యూటర్ పత్రికలను అట్ట నుంచి అట్ట దాకా నమిలినవాణ్ణి మరి. "ఫోను కబుర్లకి పిన్నీ. సంగీతానికి ల్యాప్‌టాప్ కావాలి."

ఉన్నంతలో ఒకటి కొందామని ఒంగోలు వెళ్లాం. కొట్లో మాకు అందేవి రెండే. ఒకటి ఇటుకంత లావు. పనిలో చురుకు గాని, లోపలి ఫ్యాను నూర్పిడి మిషనులా రొద పెడుతుంది. రెండోది అప్పడమంత పలచన. ఫ్యానే లేదు కాబట్టి చప్పుడూ లేదు. వేడెక్కితే మాత్రం తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

"లావుది తీసుకుందాంరా, గట్టిగా ఉంది."

"ఎద్దును కొంటున్నామా బాబాయ్? దాని రొద నీ పాటలో పడుతుంది."

"మరి వేడెక్కితే నెమ్మదిస్తుందన్నావుగా ఇది?"

"పాట రికార్డు చెయ్యడం దానికో పనా! సినిమాలు కోసి అతికించేవాళ్లకి ఆ బాధ."

నేను చెప్పింది తప్పు కాదు, పత్రికలో అలాగే ఉంది. కాకపోతే అది రాసినాయన ఏ చల్లటి గదిలో కూర్చుని రాశాడో నేను ఆలోచించలేదు. పొదిలి ఏప్రిల్ గురించి ఆయనకేం తెలుసు? తెలిసినవాణ్ణి నేను. కొన్నవాణ్ణీ నేనే.

రికార్డింగు రోజు పక్క కల్లంలో మిరపకాయలు ఆరబోశారు. గాలి వీస్తే ఘాటు, ఘాటుకు దగ్గు. కిటికీలు మూయించాను. ఇంటి ఫ్యాను ఆపించాను. ఫోన్లన్నీ కట్టేయించాను. బాబాయ్ తాళం వేసే బల్ల మీద పెడితే అదురు తగులుతుందని, మా చేలో పత్తితో కొత్తగా కుట్టించిన పరుపు మీద ల్యాప్‌టాప్‌ను పసిబిడ్డలా పడుకోబెట్టాను. అది చాలదన్నట్టు, పాడుతుండగానే గొంతుకు మెరుగులు దిద్ది, పెద్ద చర్చిలో మోగినట్టు ప్రతిధ్వని కలిపే బరువంతా దాని నెత్తిన పెట్టాను. అయ్యా, పక్క కల్లంలో మిరపకాయలకైనా కాస్త గాలి తగిలింది, దానికి అదీ లేదు.

"ఏరా, ఉడికిపోతున్నాం. కిటికీ తియ్యి."

"కళ కోసం ఓర్చుకోవాలి బాబాయ్."

"కళా నాదే, ఓర్పూ నాదే. మధ్యలో నీదేంట్రా?"

"సాంకేతికం."

మొదటి పాట కాగానే విన్నాం. అద్దంలా ఉంది. పిన్ని కళ్లు ఒత్తుకుంది. "ఇక వినక్కర్లేదు, అన్నీ ఇలాగే వస్తాయి," అని తీర్పు చెప్పేశాను. బాబాయ్ తన ప్రాణమైన పాటను ఆఖరికి ఉంచుకున్నాడు. రాబోయే కోత పండక్కని కట్టింది, ఇంకా ఎవరికీ నేర్పనిది. "ఎండిన చేలకు వానవు నీవే" అని ఎత్తుకున్నాడు. గొంతు జీరపోయి ఉంది. ఎక్కడ తెగుతుందోనని మేం బిగబట్టుకున్న చోట తెగకుండా పైకి తీసుకెళ్లి, మెల్లగా కిందికి దించాడు.

"వచ్చిందా?"

"బ్రహ్మాండం బాబాయ్."

తీయబోతే ల్యాప్‌టాప్ అడుగు పెనంలా కాలింది. పాపం, కష్టపడిందిలే అనుకున్నాను.

ఆపరేషనై ఇంటికొచ్చాక, మెడకు గుడ్డతో కుర్చీలో కూర్చుని, పాటలు పెట్టమని సైగ చేశాడు. మొదటి పాట బాగుంది. రెండోదాంట్లో చిటపటలు. ఆఖరి పాటలో "ఎండిన చే... వా... వే..." వేడెక్కి నెమ్మదించిన ల్యాప్‌టాప్ మింగినంత మింగి, మిగిలిన ముక్కల్ని దగ్గరికి లాగి అతికించింది. బాబాయ్ వేళ్లు తాళం వేస్తుంటే పాట ముందుకు దూకింది. అందుకున్నాడు. మళ్లీ దూకింది. జన్మంతా తాళం తప్పినవాళ్లను తిట్టిన మనిషి నా వైపు తిరిగి నోరు తెరిచాడు. మెడ మీద గుడ్డ కదిలింది. అంతే. చేతులు మాత్రం గాలిలో గబగబా తిరిగాయి.

"ఏమంటున్నాడు పిన్నీ?"

"లైబ్రరీకి నిప్పు పెడతారంట."

"ఇంకా ఏదో అంటున్నాడుగా?"

"ఉంది. చర్చికెళ్లేదాన్ని, నా నోటితో అనలేను."

బాబాయ్ భుజాలు ఊగాయి. నవ్వుతున్నాడనుకున్నాను. కాసేపటికి, నవ్వు కాదని తెలిసింది.

పాటల బృందం పిల్లలు ఆ ముక్కలు విని పాట నేర్చుకోబోయారు. తెగిన చోట్ల వరస ఊహించి పాడితే బాబాయ్ తల అడ్డంగా ఊపేవాడు. ఇంకోలా పాడితే అదీ కాదు. అసలైనదేదో ఆయనొక్కడికే తెలుసు, చూపించే దారి లేదు. చివరికి ఆ చోట్లకు రాగానే అరచెయ్యి ఎత్తి ఆపేశాడు. అక్కడ పాడొద్దు. పాటలో పోయినన్ని తాళం దెబ్బలు ఆయన వేళ్లు బల్ల మీద వేస్తాయి, ఆ తర్వాత అందుకోవాలి.

కోత పండగ రోజు అలాగే పాడారు. పాట ఆగినప్పుడల్లా చర్చంతా నిశ్శబ్దం, అందులో బాబాయ్ వేళ్ల చప్పుడు. పక్క ఊరి నుంచి వచ్చిన పాస్టరుగారు కరిగిపోయారు.

"ఆ మౌనాలు ఎంత అర్థవంతంగా పెట్టారమ్మా! ఎవరి ఆలోచన?"

పిన్ని నన్ను ముందుకు తోసింది. "మావాడిదేనండి. బాగా చదువుకున్నాడు."

కాబట్టి పదిమంది ఎదుటా ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట ఎవరు తమ గొంతు నా చేతికిచ్చినా, కిటికీ తీసి, గట్టి బల్ల మీద పెట్టి, చివరి మాట దాకా వినిగాని బ్రహ్మాండం అనను. ఈ ఒట్టు తప్పే భయమేమీ లేదు. మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.